వలస వివాహాలు – సంక్షేమ, గృహ ప్రయోజనాలు

దంపతుల్లో ఒకరు మరో రాష్ట్రం నుంచో, మరో దేశం నుంచో వచ్చి స్థిరపడినవారైతే దాన్ని వలస వివాహం అనవచ్చు. ఇలాంటి పెళ్లి తర్వాత రేషన్, పింఛను, ఇల్లు, వైద్యం, పెళ్లి సాయం వంటి ప్రభుత్వ ప్రయోజనాలకు కుటుంబం అర్హత మారుతుంది. తెలంగాణలో ఈ మార్పు ప్రధానంగా మూడు విషయాల మీద ఆధారపడుతుంది: పేరు ఏ కార్డులో ఉంది, ఆధార్‌లో ఏ చిరునామా ఉంది, కుటుంబం మొత్తానికి ఆదాయం, ఆస్తి ఎంత ఉన్నాయి. భార్య లేదా భర్త విదేశీయులైతే వీటికి ముందు పౌరసత్వం ప్రశ్న వస్తుంది. తెలుగువారు పెద్దసంఖ్యలో వెళ్లిన అమెరికా, బ్రిటన్‌లలో పద్ధతి వేరు. అక్కడ కొత్తగా వచ్చిన భార్య లేదా భర్త పోషణకు ప్రభుత్వం కాక, పెళ్లాడినవారే పూచీ పడాలి.

నేరేడ్‌మెట్ నేపథ్యం

సికింద్రాబాద్ కంటోన్మెంటు అంచున, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న నేరేడ్‌మెట్ వలసలతో పెరిగిన ప్రాంతం. తిరుమలగిరి వైపు సైన్యానికి చెందిన ఈఎంఈ కళాశాల, పక్కనే సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి ఉద్యోగరీత్యా వచ్చిన సైనికులు చాలామంది రిటైరయ్యాక ఈ చుట్టుపక్కల కాలనీల్లోనే ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్లు కట్టేందుకు, వాటిలో పనికి, కాపలాకు వచ్చిన మరో వలస కూడా ఇక్కడే నిలిచింది. పాలమూరు, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవారితో పాటు ఒడిశా, బిహార్ కూలీలు, నేపాలీ కాపలాదారులు నగరంలోని ఇలాంటి కాలనీలన్నింటా కనిపిస్తారు.

పూర్వం మల్కాజిగిరి మున్సిపాలిటీలో ఉన్న ఈ ప్రాంతం 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీ ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి కొత్త జిల్లాలోకి వచ్చింది. మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గంలో 2019 ఎన్నికల నాటికి 31 లక్షలకు పైగా ఓటర్లున్నారు. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అది అతి పెద్ద నియోజకవర్గం. దాన్ని మినీ భారత్ అనడం స్థానిక రాజకీయాల్లో వాడుక. వేర్వేరు ప్రాంతాలవారు పక్కపక్క వాటాల్లో ఉండేచోట ఆ ప్రాంతాల మధ్య పెళ్లిళ్లూ జరుగుతాయి. మాజీ సైనికుడి కుటుంబానికి ఆ పెళ్లి పింఛను కాగితాల్లో చిన్న మార్పు. కూలీ కుటుంబానికి మాత్రం బియ్యం, కరెంటు బిల్లు, ఇంటి దరఖాస్తు అన్నీ దానితో ముడిపడి ఉంటాయి.

ముల్కీ నిబంధనల నుంచి స్థానికత దాకా

పెళ్లితో స్థానికత వస్తుందా అన్నది హైదరాబాద్‌లో పాత ప్రశ్నే. నిజాం పాలనలో 1919 నాటి ముల్కీ నిబంధనలు ప్రభుత్వోద్యోగాలను ముల్కీలకు, అంటే స్థానికులకు కేటాయించాయి. బయటి నుంచి వచ్చినవారు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏళ్లు ఇక్కడ స్థిర నివాసం ఉండాలి, సొంత ప్రాంతానికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నామని ప్రమాణపత్రం ఇవ్వాలి. ముల్కీని పెళ్లాడిన స్త్రీకి ఈ నిరీక్షణ లేదు. ముల్కీ భార్య కావడమే ఆమెను ముల్కీని చేసేది. నిబంధనలో భార్య మాటే ఉంది తప్ప, ముల్కీ స్త్రీని పెళ్లాడిన బయటి పురుషుడి ప్రస్తావన లేదు.

ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు 1972 అక్టోబరు 3న తీర్పు ఇచ్చింది. దానిమీద ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ తర్వాత రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చి, ముల్కీ స్థానంలో స్థానిక అభ్యర్థి అనే కొత్త లెక్క అమల్లోకి వచ్చింది. తెలంగాణకు వర్తించే 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే ఆ ప్రాంతానికి స్థానికులు. నేరు నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులకే. అంటే గుంటూరులో చదువుకుని నేరేడ్‌మెట్ కోడలైన అమ్మాయి, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఉన్న చార్మినార్ జోన్‌లో ఎన్నేళ్లు కాపురం చేసినా ఉద్యోగ నియామకాల్లో స్థానికేతరురాలే. ముల్కీ కాలంలో భార్యకు పెళ్లితో దక్కిన హోదాకు ఇప్పుడు బడి రికార్డే ఆధారం. ఆమె పిల్లలు ఇక్కడి బడిలో చదివితే వారు స్థానికులవుతారు.

ఉద్యోగానికి చూసే ఈ స్థానికతను సంక్షేమ పథకాలు అడగవు. వాటికి నివాసం చాలు. కానీ ఆ నివాసం కాగితం మీద కనిపించాలి.

రేషన్ కార్డు

పేద కుటుంబానికి మిగతా పథకాలన్నింటికీ తాళంచెవి రేషన్ కార్డు. తెలంగాణ ఏర్పడ్డాక దీన్ని ఆహార భద్రత కార్డుగా మార్చారు. పట్టణాల్లో కుటుంబ వార్షికాదాయం 2 లక్షల రూపాయలు, గ్రామాల్లో 1.5 లక్షలు మించకూడదు. కార్డు కుటుంబానిది, బియ్యం మనిషికి ఇంత అని. జాతీయ ఆహార భద్రత చట్టం, 2013 ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు వస్తాయి. తెలంగాణ ప్రభుత్వం దాన్ని 6 కిలోలు చేసింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభించి దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇస్తోంది.

పెళ్లయిన అమ్మాయి విషయంలో రెండు పనులు జరగాలి. పుట్టింటి కార్డులో పేరు కోత, అత్తింటి కార్డులో పేరు చేర్పు. ఒకే ఆధార్ సంఖ్య రెండు కార్డుల్లో ఉండటానికి వీల్లేదు కాబట్టి మొదటిది కాకుండా రెండోది కాదు. రెండిళ్లూ తెలంగాణలోనే ఉంటే రెండూ మీసేవ కేంద్రం ద్వారా ఒకే వ్యవస్థలో నడుస్తాయి. అమ్మాయి ఒడిశా నుంచో ఆంధ్రప్రదేశ్ నుంచో వస్తే కోత ఒక రాష్ట్ర పౌర సరఫరాల శాఖలో, చేర్పు మరో రాష్ట్రంలో జరగాలి. పేరు తొలగించినట్టు అక్కడి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. కోత పడి చేర్పు జరగని కాలంలో ఆమె ఏ కార్డులోనూ ఉండదు.

తెలంగాణలో కోతకూ చేర్పుకూ మధ్య ఈ ఖాళీ కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి సాగింది. 2014 తర్వాత కొత్త కార్డుల జారీ, పేర్ల చేర్పు చాలాకాలం నిలిచిపోయాయి. 2021లో కొన్ని కొత్త కార్డులు ఇచ్చినా, పెద్దఎత్తున జారీ 2025లోనే జరిగింది. ఆ ఏడాది జూలై 14న తుంగతుర్తి నియోజకవర్గంలో పంపిణీ మొదలైంది. ఈలోగా పెళ్లయి వచ్చిన కోడళ్లు, పుట్టిన పిల్లలు కార్డుకెక్కకుండానే ఉండిపోయారు. స్థానిక కోడలికీ వలస వచ్చిన కోడలికీ ఈ ఆలస్యం ఒకటే. తేడా ఏమిటంటే, స్థానిక కోడలి వాటా పుట్టింట్లో పేరు తీయించనంత కాలం అక్కడైనా వచ్చేది, పుట్టిల్లు బస్సు దూరంలో ఉండేది.

ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు విధానం ఈ తేడాను కొంత తగ్గించింది. 2019 ఆగస్టులో రాష్ట్రాల మధ్య దీన్ని తొలిసారి ప్రయోగించిన రెండు జంటల్లో తెలంగాణ–ఆంధ్రప్రదేశ్ ఒకటి, గుజరాత్–మహారాష్ట్ర రెండోది. ఒడిశా కార్డులో పేరున్న మహిళ నేరేడ్‌మెట్ చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు. కానీ ఈ సదుపాయం కేంద్ర చట్టం ఇచ్చే 5 కిలోలకే. రాష్ట్రం తన ఖర్చుతో కలిపే ఆరో కిలో, కార్డు ఆధారంగా ఇచ్చే రాష్ట్ర పథకాలు ఆ వేలిముద్రతో రావు.

ఒక ఊహా కుటుంబంతో లెక్క చూడవచ్చు. తల్లి, తండ్రి, కొడుకు ఉన్న కార్డుకు నెలకు 18 కిలోలు. కోడలి పేరు చేరితే 24 కిలోలు. కోడలు ఉద్యోగం చేస్తూ ఉంటే ఆమె సంపాదన కూడా కుటుంబ ఆదాయంలో కలుస్తుంది. పట్టణ పరిమితి నెలకు పంచుకుంటే సుమారు 16,700 రూపాయలు. ఇద్దరు సంపాదించే ఇల్లు దాన్ని సులువుగా దాటుతుంది. అందువల్ల పెళ్లి ఒకవైపు ఆరు కిలోలు పెంచుతూ, మరోవైపు మొత్తం కార్డుకే ఎసరు తేవచ్చు. విడిగా కార్డు తీసుకుంటే ఆదాయం విడిపోతుంది కాబట్టి, పెళ్లయిన కొడుకులు కార్డు విడగొట్టించుకోవడం సాధారణం.

వలస కార్మికులకు మరో దారి కేంద్రం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ఈ-శ్రమ్ నమోదు. ఆ పోర్టల్‌లో పేరుండి రేషన్ కార్డు లేనివారికి కార్డులు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

పెళ్లి సాయం

కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాలు 2014 అక్టోబరు 2న మొదలయ్యాయి. మొదట 51,000 రూపాయలుగా ఉన్న సాయం 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. తొలుత ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు పరిమితమైన పథకం తర్వాత బీసీ, ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాలకూ విస్తరించింది.

వలస వివాహాల్లో ఈ పథకం ఒకవైపే పనిచేస్తుంది. పథకం చూసేది వధువు నివాసాన్ని, ఆమె తల్లిదండ్రుల ఆదాయాన్ని. వధువు తెలంగాణవాసి అయి ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. చెక్కు సాధారణంగా ఆమె తల్లి పేర వస్తుంది. కాబట్టి నేరేడ్‌మెట్ అమ్మాయి వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న అబ్బాయిని పెళ్లాడితే ఆమె తల్లి దరఖాస్తు చేసుకోవచ్చు. నేరేడ్‌మెట్ అబ్బాయి ఒడిశా అమ్మాయిని పెళ్లాడితే, అబ్బాయి కుటుంబం ఎంత పేదదైనా ఈ సాయం రాదు. పథకం ఉద్దేశం ఆడపిల్ల తల్లిదండ్రుల మీద పడే పెళ్లి ఖర్చును తగ్గించడం, బాల్యవివాహాలను ఆపడం. కొత్త కాపురానికి పెట్టుబడి ఇవ్వడం దాని పని కాదు.

ఇల్లు

అమెరికాలోని సెక్షన్ 8లాగా, బ్రిటన్‌లోని హౌసింగ్ బెనిఫిట్‌లాగా నెలనెలా అద్దెలో వాటా భరించే పథకం తెలంగాణలో లేదు. ఇక్కడ గృహ ప్రయోజనం అంటే సొంత ఇల్లు, లేదా ఇల్లు కట్టుకోవడానికి డబ్బు. అందువల్ల పెళ్లి ప్రభావం కూడా నెలవారీ మొత్తంలో కాక, ఒక్కసారి తేలే అర్హతలో కనిపిస్తుంది.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం 2015 జూన్ 25న మొదలైంది. దాని నిర్వచనంలో కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఆ కుటుంబంలో ఎవరి పేరా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. వలస వివాహానికి అసలు చిక్కు ఈ మాటతోనే. కేరళలోనో ఒడిశా గంజాంలోనో భార్య పేర పక్కా ఇల్లు ఉంటే, నేరేడ్‌మెట్‌లో అద్దె వాటాలో ఉంటున్న భర్త కూడా అనర్హుడవుతాడు. ఆ ఇంట్లో వీళ్లు ఉండకపోయినా, ఉండే వీలు లేకపోయినా లెక్క మారదు. అదే సమయంలో సంపాదించే వయోజనుడిని పెళ్లితో నిమిత్తం లేకుండా విడి కుటుంబంగా పరిగణించే వీలు పథకంలో ఉంది. దంపతులిద్దరికీ కలిపి మాత్రం ఒకే ఇల్లు. పెళ్లికి ముందు ఇద్దరూ విడివిడిగా అర్హులైనా, పెళ్లయ్యాక ఇద్దరిదీ ఒకే దరఖాస్తు.

రాష్ట్ర పథకాల్లో డబుల్ బెడ్‌రూం ఇళ్లు 560 చదరపు అడుగులతో కట్టారు. సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లతో 2015 నవంబరులో నగరంలో ఇది మొదలైంది. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్ల సముదాయాన్ని ప్రారంభించారు. తర్వాతి ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించింది. సొంత స్థలం ఉన్నవారికి నాలుగు విడతల్లో 5 లక్షల రూపాయలు ఇస్తుంది: పునాదికి లక్ష, గోడలకు 1.25 లక్షలు, స్లాబుకు 1.75 లక్షలు, పూర్తయ్యాక లక్ష. నేరేడ్‌మెట్ వంటి చోట పేద కుటుంబానికి సొంత స్థలం ఉండటం అరుదు. అందువల్ల ఇక్కడి దరఖాస్తుదారుల్లో ఎక్కువమంది స్థలం లేనివారి జాబితాలో ఎదురుచూడాల్సిందే.

రెండు రాష్ట్ర పథకాల్లోనూ ఇల్లు ఇంటి ఆడవారి పేర ఇవ్వడం పద్ధతి. ఆస్తిలో స్త్రీకి పట్టు ఇవ్వాలన్నది దాని వెనక ఆలోచన. భార్య వేరే రాష్ట్రం నుంచి వచ్చి, ఇంకా కార్డులో పేరు చేరకపోతే ఈ మంచి నియమమే అడ్డంకి అవుతుంది. ఇల్లు ఎవరి పేర రావాలో ఆమె తెలంగాణ కాగితాల్లో కనిపించదు. అలాంటప్పుడు దరఖాస్తు అత్తగారి పేర పెట్టడం ఇళ్లలో తరచు జరిగే సర్దుబాటు. దానివల్ల ఇల్లు వస్తే వస్తుంది కానీ, కోడలికి దానిమీద హక్కు రాదు.

పింఛన్లు, కరెంటు, బస్సు, వైద్యం

ఆసరా పింఛన్లు 2014 నవంబరులో ప్రారంభమయ్యాయి. వితంతు పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. పునర్వివాహం చేసుకుంటే ఆగిపోతుంది. పెళ్లాడినవారు స్థానికులా వలసవచ్చినవారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, పెళ్లే లెక్క. ఒంటరి మహిళల పింఛనుకూ ఇదే వర్తిస్తుంది. వృద్ధాప్య పింఛను సాధారణంగా ఒక కుటుంబంలో ఒకరికే ఇస్తారు. కాబట్టి వేర్వేరు ఇళ్లలో పింఛను పొందుతున్న ఇద్దరు మలివయసులో ఒక ఇంటివారైతే ఒక పింఛను తగ్గే అవకాశం ఉంది.

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో నివసించే మహిళలకే. కండక్టర్‌కు చూపించే గుర్తింపు కార్డు మీద తెలంగాణ చిరునామా ఉండాలి. ఒడిశా లేదా ఆంధ్ర చిరునామా ఉన్న ఆధార్‌తో ఎక్కిన కొత్త కోడలికి జీరో టికెట్ రాదు, ఛార్జీ ఇవ్వాల్సిందే. వలస వచ్చిన భార్యకు చిరునామా మార్పు అవసరం మొదటిసారి తెలిసేది చాలావరకు ఈ బస్సులోనే. ఆధార్‌లో కుటుంబ పెద్ద ఆధారంగా చిరునామా మార్చుకునే వీలు 2023 జనవరి నుంచి ఉంది. పెళ్లి ధ్రువపత్రం చూపి భర్త చిరునామా వేయించుకోవచ్చు.

నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి, 500 రూపాయల సిలిండర్ రేషన్ కార్డుకు ముడిపడ్డవి. అవి ఇంటికి వచ్చేవి కాబట్టి భర్త కార్డు ఉంటే భార్య వలస వచ్చినదైనా ఇల్లు వాటిని పోగొట్టుకోదు. ఆరోగ్యశ్రీ అలా కాదు. పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినా, ఆస్పత్రిలో చూసేది రోగి పేరు కార్డులో ఉందా లేదా అన్నదే.

మాజీ సైనికుల కుటుంబాలకు ఈ కార్డుల గొడవ తక్కువ. సర్వీసులో ఉండగా పెళ్లయితే సైనిక రికార్డుల్లోని పార్ట్ టూ ఆర్డర్‌లో భార్య పేరు ఎక్కుతుంది. రిటైరయ్యాక అయితే పింఛను ఉత్తర్వులో చేర్పించుకోవాలి. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకంలో భార్య సభ్యురాలవుతుంది. ఆమె ఏ రాష్ట్రం నుంచి వచ్చిందన్న ప్రశ్న రాదు. కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగులు విదేశీయులను పెళ్లాడితే మాత్రం 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం వెంటనే ప్రభుత్వానికి తెలియజేయాలి.

కులం, తెగ హోదా

కులం పెళ్లితో మారదు. పుట్టుకతో వెనుకబడిన వర్గానికి చెందని స్త్రీ ఆ వర్గం వ్యక్తిని పెళ్లాడినంత మాత్రాన రిజర్వేషన్ పొందలేదని సుప్రీంకోర్టు 1996లో వల్సమ్మ పాల్ కేసులో చెప్పింది. 2018లో సునీతా సింగ్ కేసులో అదే సూత్రాన్ని మళ్లీ చెప్పింది.

వలసతో హోదా వెంట రాదన్న సూత్రం వెనక ఒక తెలుగు కుటుంబం ఉంది. తెనాలిలో పుట్టి, తండ్రితో పాటు మహారాష్ట్ర వెళ్లిన మర్రి చంద్రశేఖరరావు అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ కోటా కింద సీటు కోరారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఎస్టీ హోదా మహారాష్ట్రలో చెల్లదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఏ తెగ, ఏ కులం వెనుకబడిందో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించారు కాబట్టి హోదా కూడా ఆ రాష్ట్రానికే పరిమితం అన్నది దాని సారం.

ఈ రెండు సూత్రాలూ కలిసే చోటు లంబాడా కుటుంబాల పెళ్లిళ్లు. లంబాడాలు తెలంగాణలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. భాష, దేవతలు, పెళ్లి తంతు ఒకటే. సంబంధాలు సరిహద్దులు చూసుకుని కుదరవు. అయినా కర్ణాటక తండా నుంచి మల్కాజిగిరికి కోడలిగా వచ్చిన స్త్రీకి భర్త ఎస్టీ హోదా రాదు, తన ఎస్సీ హోదా ఇక్కడ చెల్లదు. పుట్టిన పిల్లలకు సాధారణంగా తండ్రి హోదా వస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే జాతివారిలో తల్లికి లేని హోదా పిల్లలకు ఉంటుంది.

ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70గా పిలిచే భూబదలాయింపు చట్టం కూడా ఇదే బాటలో ఉంది. గిరిజన మహిళను పెళ్లాడినందువల్ల గిరిజనేతరుడికి అక్కడ భూమి కొనే హక్కు రాదు.

విదేశీ భార్య లేదా భర్త

విదేశీయులను పెళ్లాడిన భారతీయుల సొంత అర్హత ఆ పెళ్లితో పోదు. విదేశీ భాగస్వామికి రావాల్సిన వాటా మాత్రం పౌరసత్వం వచ్చేదాకా లెక్కలోకి రాదు. పౌరసత్వ చట్టం, 1955లోని ఐదో సెక్షన్ ప్రకారం భారత పౌరులను పెళ్లాడినవారు ఏడేళ్లు ఇక్కడ నివసించాక నమోదు ద్వారా పౌరసత్వం కోరవచ్చు. దరఖాస్తుకు ముందు 12 నెలలు ఎడతెగకుండా, అంతకుముందు ఎనిమిదేళ్లలో మొత్తం మీద ఆరేళ్లు దేశంలో ఉండాలి.

ఈలోగా ఉండే దారుల్లో ఒకటి ఎంట్రీ వీసా, రెండోది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. ఓసీఐ పథకాన్ని 2006 జనవరిలో హైదరాబాద్‌లోనే, ప్రవాసీ భారతీయ దివస్ వేదిక మీద ప్రారంభించారు. 2015 సవరణతో, నమోదైన పెళ్లి రెండేళ్లు కొనసాగితే విదేశీ భార్య లేదా భర్త దీనికి అర్హులవుతారు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరసత్వం ఉన్నవారికి, ఒకప్పుడు ఉన్నవారికి ఇది వర్తించదు. వాళ్లు దీర్ఘకాలిక వీసా మీదే ఉండాలి. ఓసీఐ ఉన్నవారు ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, ఫాంహౌస్ కొనరాదు. ఓటు, ప్రభుత్వోద్యోగం ఉండవు.

నేపాల్ పౌరులది మధ్యస్థ స్థితి. 1950 నాటి స్నేహ ఒడంబడిక వల్ల వీసా అక్కర్లేకుండా ఇక్కడ ఉండవచ్చు, పనిచేయవచ్చు. అయినా నేపాలీ కాపలాదారును పెళ్లాడిన తెలుగు మహిళకు, పౌరసత్వం లెక్కలో ఆయన విదేశీయుడే. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఆధార్. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు దేశంలో ఉన్న నివాసి ఎవరైనా ఆధార్ పొందవచ్చు. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోంది.

పిల్లల సంగతి మరింత జాగ్రత్తగా చూడాల్సింది. 2004 డిసెంబరు 3 నుంచి భారత్‌లో పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. కాబట్టి భాగస్వామి వీసా గడువు, పత్రాల సంగతి పెళ్లితో ముగిసిపోయే విషయం కాదు. బిడ్డ రేషన్, పింఛను అర్హతల పునాది అక్కడే ఉంది.

ఇలాంటి పెళ్లిళ్లు ఎక్కువగా 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో జరుగుతాయి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి.

అమెరికా, బ్రిటన్‌లలో తెలుగువారు

నేరేడ్‌మెట్ నుంచి పెళ్లయి విదేశాలకు వెళ్లేవారికి లెక్క తిరగబడుతుంది. అక్కడ వలసవచ్చినవారు వీళ్లే.

అమెరికాలో పౌరులు గానీ, గ్రీన్‌కార్డు ఉన్నవారు గానీ భార్యను లేదా భర్తను తీసుకెళ్లాలంటే ఐ-864 అనే పోషణ పూచీపత్రం రాసివ్వాలి. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. 1996 సంక్షేమ సంస్కరణల చట్టంతో ఈ పూచీ కోర్టులో అమలుచేయగల ఒప్పందం అయింది. వచ్చినవారు పౌరులయ్యేదాకా, లేదా 40 త్రైమాసికాల పని లెక్కలోకి వచ్చేదాకా అది నిలుస్తుంది. విడాకులతో పోదు. అదే చట్టం కొత్త గ్రీన్‌కార్డుదారుల్లో చాలామందికి మెడికెయిడ్ వైద్య సాయం, ఆహార సాయం వంటి వాటిని ఐదేళ్లపాటు నిలిపింది. ఐదేళ్లయ్యాక దరఖాస్తు చేసినా పూచీపడినవారి ఆదాయాన్ని వీళ్ల ఆదాయంగా లెక్కించవచ్చు.

పెళ్లాడిన పౌరుల సొంత సాయం కూడా మారవచ్చు. వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐలో ఒంటరివారి ఆస్తి పరిమితి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. అంటే ఇద్దరికి కలిపి రెట్టింపు కూడా లేదు. భాగస్వామి సంపాదనలో కొంత భాగమూ లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వ అద్దె సాయంలో మిశ్రమ కుటుంబ నియమం ఉంది. నలుగురిలో ముగ్గురికే వలస హోదా ప్రకారం అర్హత ఉంటే సాయం నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. గ్రీన్‌కార్డు ఉన్న భార్య ఇందులో అర్హురాలు. హెచ్-4 వీసా మీద ఉన్న భార్య కాదు. తెలుగు ఇళ్లలో ఎక్కువగా వినిపించే హెచ్-1బీ, హెచ్-4 కుటుంబాలు అందువల్ల ఈ సాయాల పరిధి బయటే ఉంటాయి.

పబ్లిక్ చార్జ్ అనే మాట ఇక్కడ భయం పుట్టించేది. ప్రభుత్వం మీద ఆధారపడే అవకాశం ఉందనిపిస్తే గ్రీన్‌కార్డు నిరాకరించవచ్చన్నది దాని అర్థం. 2020 ఫిబ్రవరిలో అమలైన కఠిన నిబంధనలో ఆహార, గృహ సాయాలు కూడా లెక్కలోకి వచ్చాయి. 2021లో అది రద్దయింది. 2022 డిసెంబరు 23న అమల్లోకి వచ్చిన నిబంధన ప్రధానంగా నగదు సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో సాగే దీర్ఘకాల సంరక్షణను చూసింది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఈ గీత జరుగుతూ వచ్చింది. ఆ అయోమయంలో అర్హత ఉన్న పిల్లల సాయాన్ని కూడా తల్లిదండ్రులు వదులుకోవడం చర్చనీయాంశమైంది.

బ్రిటన్‌కు భార్యను లేదా భర్తను తీసుకెళ్లేవారికి ఉండాల్సిన కనీసాదాయం 2012 నుంచి 18,600 పౌండ్లు ఉండేది. 2024 ఏప్రిల్ 11న 29,000కు పెంచారు. వచ్చినవారి వీసా మీద ప్రభుత్వ నిధులకు అర్హత లేదన్న షరతు ఉంటుంది. శాశ్వత నివాసం వచ్చేదాకా యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ ఇల్లు వాళ్లకు రావు. బ్రిటిష్ భాగస్వామి తన వాటా తాను పొందవచ్చు కానీ, వచ్చినవారి పేర అదనం కోరకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు కౌన్సిల్ ట్యాక్స్‌లో వచ్చే 25 శాతం తగ్గింపు రెండో వయోజనులు ఇంట్లోకి రాగానే పోతుంది.

రెండు దేశాల్లోనూ హింసకు గురైన భార్యకు మినహాయింపులున్నాయి. అమెరికాలో 1994 చట్టం కింద భర్త పూచీ లేకుండా తనే దరఖాస్తు చేసుకోవచ్చు. బ్రిటన్‌లో మూడు నెలలపాటు ప్రభుత్వ సాయం పొందే ప్రత్యేక అనుమతి కోరవచ్చు.

చర్చ

రెండు పద్ధతుల్లోనూ బరువు చివరికి వలసవచ్చిన భార్య మీదే ఎక్కువ పడుతుందన్నది విమర్శ. అమెరికా, బ్రిటన్‌లలో ఆమె బతుకు భర్త పూచీకి కట్టుబడి ఉంటుంది. తెలంగాణలో ఆమెను చట్టం ఆపదు, కాగితం ఆపుతుంది. పెళ్లి కోసం ఊరు మారేది చాలావరకు ఆడవాళ్లే కాబట్టి, పేరు కోతకూ చేర్పుకూ మధ్య ఉండిపోయేదీ వాళ్లే. రాష్ట్రాల ఖజానా వాదన వేరు. సన్నబియ్యానికీ ఉచిత బస్సుకూ డబ్బు రాష్ట్రానిది, కాబట్టి నివాస రుజువు అడగక తప్పదని అవి అంటాయి. రేషన్‌లో కేంద్రం వాటా సరిహద్దు దాటుతోంది, రాష్ట్రం వాటా దాటడం లేదు.

ఆచరణలో ఈ ఖాళీని తగ్గించేది కాగితాల వరుస. ముందు పెళ్లి రిజిస్ట్రేషన్, దాని ఆధారంగా ఆధార్‌లో చిరునామా, ఆపై పుట్టింటి కార్డులో కోత, అత్తింటి కార్డులో చేర్పు. ఇల్లు, వైద్యం, కరెంటు ఆ తర్వాతవి. సొంత రాష్ట్రంలో పేరు ముందే తీయించుకుని వస్తే, ఇక్కడ చేర్పు జరిగేదాకా ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు కింద వచ్చే ఐదు కిలోలు కూడా ఆగిపోతాయి.